ఇన్‌స్టంట్ టీ పొడులు: అసలు తంటా పాలతోనే

సూపర్ మార్కెట్లో టీ అరల దగ్గర ఒకసారి నిలబడి చూడండి. మనిళ్లలో ఎప్పటి నుంచో వాడే జెమినీ, త్రీ రోజెస్, చక్రా గోల్డ్, రెడ్ లేబుల్ ప్యాకెట్లు కింద వరసల్లో ఉంటాయి, పక్కనే టీ బ్యాగుల డబ్బాలు, వాటి పైన ఈమధ్య బాగా పెరిగిపోయిన ఇంకో వరస: అల్లం టీ, యాలకుల టీ, మసాలా టీ, బెల్లం టీ, లెమన్ టీ, ఓ మూలన చిన్న డబ్బాలో పచ్చగా మాచా అనే జపాన్ టీ పొడి. దాదాపు అన్నిటి మీదా నీళ్లు పోసి కలిపితే చాలు అనే అర్థం వచ్చేట్టు ఏదో ఒకటి రాసి ఉంటుంది కాబట్టి అన్నీ ఒకటే రకం అనుకుని, బొమ్మ బాగున్నది తీసి బుట్టలో వేసుకుంటాం. ఆ వరసలో నిజానికి మూడు వేరువేరు సరుకులున్నాయి. మొదటిది టీ కాచి ఆ డికాషన్‌ని ఎండబెట్టిన పొడి. రెండోది ఆ పొడి కాస్తంత వేసి, పంచదారా పాలపొడీ బోలెడంత కలిపిన ప్రీమిక్స్. మూడోది ఆకుని ఆకుగానే మెత్తగా విసిరిన పొడి. మొదటిదాని గురించి మనవాళ్లకి దాదాపు తెలియదు, రెండోదాన్ని తాగి మొదటిదాన్ని తిడతారు, మూడోదాని మీద డబ్బులు తగలేస్తారు.

నేను కాకినాడ మనిషిని, పొద్దున్నే పాల టీ పడకపోతే ఎవరితోనూ సరిగ్గా మాట్లాడను, ఎవరైనా గ్రీన్ టీ మంచిదని చెబితే విని ఊరుకుంటాను. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, ఇన్‌స్టంట్ టీ గురించి నేను నాలుగు మంచి మాటలు చెప్పబోతున్నాను, టీ రుచి తెలియని మనిషి రాసిందని మీరు అనుకోకూడదు. అసలు రాయాలనిపించింది కూడా మా పిన్ని వల్లే. వాళ్లబ్బాయి ఇంజినీరింగ్ హాస్టల్లో చేరాడు, గదిలో పొయ్యి పెట్టనివ్వరు, కెటిల్ మాత్రం ఒప్పుకున్నారట. "ఏం కొనిపెట్టమంటావే వాడికి, ఆ పొడులన్నీ ఒకేలా ఉన్నాయి" అని ఫోన్ చేసింది. ఫోన్లో చెప్పడం మొదలుపెడితే కూర మాడుతోందని పెట్టేసింది, అందుకని ఇక్కడ తీరిగ్గా చెబుతున్నా.

టీ పొడిని మనం కాస్తే అందులో నీళ్లలోకి దిగేది బరువులో ఇంచుమించు మూడో వంతు. మిగతాదంతా వడకట్టులో మిగిలే పిప్పి, గులాబీ మొక్కల మొదట్లోకి పోయేది. ఫ్యాక్టరీలో చేసేదీ అదే పని, కాకపోతే టన్నుల లెక్కన. పెద్ద పాత్రల్లో వేడినీళ్లతో టీ సారం లాగుతారు, వాసన ఎగిరిపోకుండా దాన్ని విడిగా పట్టుకుంటారు, నీటిని తగ్గించి సారాన్ని చిక్కబరుస్తారు, ఆ వాసన మళ్లీ కలుపుతారు, తర్వాత వేడిగాలి నిండిన గోపురం లాంటి గదిలోకి ఆ చిక్కటి ద్రవాన్ని తుంపరగా చిమ్ముతారు. తుంపర కిందికి చేరేలోపు నీరు ఆవిరైపోయి పొడి రాలుతుంది. ఇంకాస్త ఖర్చు పెట్టేవాళ్లు గడ్డకట్టించి, ఆ మంచుని గాలి తీసేసిన గదిలో నేరుగా ఆవిరి చేస్తారు, అలా చేస్తే వాసన ఎక్కువ నిలుస్తుంది. కాఫీకి చేసేదీ ఇదే. నెస్‌కెఫే 1938లో వచ్చింది, టీ పొడి 1940ల్లో అమెరికాలో అదే దారిన వచ్చింది.

ఇక్కడ మనకు తెలియాల్సిన విషయం ఒకటుంది. ఈ పొడి మన కొండల మీద ఎప్పటి నుంచో తయారవుతోంది. టాటాలు టీ వ్యాపారంలోకి దిగిందే 1964లో జేమ్స్ ఫిన్లే అనే బ్రిటిష్ కంపెనీతో చేతులు కలిపి, మున్నార్లో ఇన్‌స్టంట్ టీ చెయ్యడానికి. మన వంటింట్లో ఉండే టాటా టీ ప్యాకెట్ల కథంతా ఆ తర్వాతే. కాకపోతే మున్నార్ పొడి మన కొట్లలోకి రాలేదు, ఎక్కువగా బయటి దేశాలకే వెళ్లింది. అమెరికాలో తాగే టీలో ఎక్కువ భాగం ఐస్ టీయే కదా, వాళ్లకి చల్లటి నీళ్లలో కరిగే టీ కావాలి. మనకేమో పొయ్యి మీద పొంగే టీ కావాలి. కేరళలో తయారైన పొడి గురించి అమెరికా వాడికి తెలిసినంత ఆంధ్రా వాడికి తెలియకపోవడం అందుకే.

చల్లటి నీళ్లలో కరగడం అన్నది తేలిక పని అనుకోకండి. కాచిన బ్లాక్ టీని గ్లాసులో పోసి ఫ్రిజ్‌లో పెట్టి రెండు గంటల తర్వాత తీసి చూడండి, తేటగా ఎర్రగా ఉన్నది కాస్తా మురికి నీళ్లలా మసకబారి ఉంటుంది. పాడైపోలేదు. టీకి రంగూ వగరూ ఇచ్చే పదార్థాలూ కెఫీనూ చల్లబడగానే ఒకదాన్నొకటి పట్టుకుని విడిపోతాయి, వేడి చేస్తే మళ్లీ కరిగిపోతాయి. ఫ్యాక్టరీవాళ్లు దీన్ని టీ క్రీమ్ అంటారు. ఐస్ టీ పొడి చెయ్యాలంటే ఈ క్రీమ్‌ని వడకట్టి తీసెయ్యాలి, లేదా టానేజ్ అనే ఎంజైమ్‌తో విరగ్గొట్టాలి. తీసేస్తే రుచి కూడా కొంత పోతుంది, ఎందుకంటే టీకి బలం ఇచ్చేవే అవి. అందుకే వేడినీళ్లలో కరిగే పొడి, చన్నీళ్లలో కరిగే పొడి అని రెండు రకాలు ఉంటాయి. వేడి టీకి చన్నీళ్ల రకం కొని "ఇదేం టీ, చప్పగా ఉంది" అంటే తప్పు పొడిది కాదు. ఎలా చేసిందో ప్యాకెట్ మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుని వెతకాలి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఒక కప్పుకి మనం వేసేది రెండు, రెండున్నర గ్రాముల టీ పొడి. అందులో నీళ్లలోకి దిగేది మూడో వంతు అనుకుంటే, కప్పు టీలో ఉన్న అసలు టీ ఒక గ్రాము కూడా లేదు. అంటే ఏమీ కలపని ఇన్‌స్టంట్ టీ పొడి కప్పుకి పావు స్పూనో, మహా అయితే అర స్పూనో సరిపోవాలి. ఈ సంగతి మనసులో పెట్టుకుని ప్రీమిక్స్ సాచెట్ తీసి బరువు చూడండి. మామూలుగా 14 గ్రాములో, 18 గ్రాములో, అంతకంటే ఎక్కువో ఉంటుంది. ఒక గ్రాము టీ పోతే మిగతాదంతా ఏమిటి?

ప్యాకెట్ వెనక్కి తిప్పితే జవాబు దొరుకుతుంది. మన దేశంలో ఆహార పదార్థాల లేబుల్ మీద దినుసుల్ని బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనక రాయాలని నియమం ఉంది. చాలా టీ ప్రీమిక్సుల్లో మొదటి పేరు పంచదార. రెండోది పాలపొడి, లేదా అంతకంటే చవకైన నాన్ డెయిరీ క్రీమర్, అంటే గ్లూకోజ్ సిరప్‌కి గట్టిపరిచిన వంటనూనె కలిపి పాలలా తెల్లగా కనిపించేట్టు చేసిన పొడి. తర్వాత మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండిపదార్థం నుంచి చేసే ఒక తెల్ల పొడి. ఆ తర్వాత ఎక్కడో ఇన్‌స్టంట్ టీ, దాని పక్కన ఒక అంకె శాతం. చివర్లో యాలకుల వాసన, అల్లం వాసన. పంచదార సగానికి పైన ఉన్నా 14 గ్రాముల సాచెట్లో ఏడు గ్రాముల పైమాటే, అంటే దగ్గర దగ్గర రెండు టీ స్పూన్లు. మీకు అంత తీపి అలవాటే అయితే సరే. మా నాన్నకి షుగర్, ఆయన ఇంట్లో పంచదార డబ్బా వైపు కూడా చూడరు, కానీ ఊరెళ్తే మాత్రం "వేరే పంచదార వెయ్యలేదుగా" అని ఈ సాచెట్లు రెండేసి తాగేస్తారు. వేరే వెయ్యాల్సిన పని లేకుండా లోపలే ఉంది నాన్నా అంటే వినరు. షుగర్ లేనివి కూడా అమ్ముతున్నారు, కొంచెం వెతకాలి.

ఆఫీసుల్లో బటన్ నొక్కితే టీ వచ్చే మెషిన్ ఉంటుంది చూశారా, దాని లోపల జరిగేది కూడా ఇదే, చాలా వాటిలో ప్రీమిక్స్ డబ్బా ఒకటి, వేడినీళ్లు, గిలక్కొట్టే చిన్న చక్రం, అంతే. పైన నురగ కనబడుతుంది గానీ అది పాలు పొంగిన నురగ కాదు. నేను ఇంతకుముందు పనిచేసిన ఓ ఆఫీసులో ఆ మెషిన్ని నెలల తరబడి కడిగేవాళ్లు కాదు, అల్లం టీ నొక్కినా యాలకుల టీ నొక్కినా ఒకటే వాసన. జనమంతా లిఫ్ట్ దిగి రోడ్డు మీది బండి దగ్గరికి పోయేవాళ్లం.

ఆ బండి దగ్గరికి ఎందుకు పోయేవాళ్లం అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. బండి ఆయన వాడేది గొప్ప ఆకేమీ కాదు. మనమంతా వాడేది సన్నటి డస్ట్ రకమే, యంత్రాల పళ్ల మధ్య నలిపి, చించి, గుండ్రంగా చుట్టిన సీటీసీ టీలో జల్లెడ కిందికి దిగే సన్న గ్రేడు. డార్జిలింగ్ పూల వాసన, అస్సాం మాల్ట్ వాసన అని టీ రుచి చూసేవాళ్లు మాట్లాడుకునేవి మన గిన్నెలో పదిహేను నిమిషాలు మరిగాక మిగలవు. మనం "టీ బాగుంది" అన్నప్పుడు మెచ్చుకునే రుచిలో సగానికి పైగా మరిగిన పాలది. పాలు కాగి పొంగినప్పుడు అందులో ప్రొటీన్లు మారి ఒక కాగిన వాసన పుడుతుంది, ఇంకా మరిగితే చిక్కబడి కొంచెం తియ్యబడుతుంది కూడా, టీలోని వగరుని పాలలోని కేసీన్ పట్టేసుకుంటుంది, అందుకే ఎంత స్ట్రాంగ్ పెట్టినా గొంతు పట్టెయ్యదు. హైదరాబాద్ ఇరానీ చాయ్‌నే చూడండి, డికాషన్ ఒక పక్క దమ్ మీద ఉంటుంది, పాలు ఇంకో పక్క గంటల కొద్దీ మరుగుతుంటాయి, కప్పులో కలుస్తాయి. ఆ పాలు తీసేసి పాలపొడి నీళ్లు పోస్తే ఎంత ఖరీదైన ఆకు వేసినా అది ఇరానీ చాయ్ అవుతుందా?

మా అత్తగారిది నల్గొండ వైపు. మొదటిసారి నేను ప్రీమిక్స్ కలిపిస్తే ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టి "ఏందమ్మా, పాలు కాగకుండ చాయ్ ఎట్లయితది" అన్నారు. నేను ఇంత సేపూ చెప్పిందంతా ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేశారు.

కాబట్టి నా వాదన ఏంటంటే, పొడిని తిట్టే ముందు పాలు మార్చి చూడండి. ఏమీ కలపని ఇన్‌స్టంట్ బ్లాక్ టీ పొడి తెచ్చుకోండి. ఆన్‌లైన్లో దొరుకుతుంది, దినుసుల దగ్గర టీ తప్ప ఇంకో పేరు ఉండకూడదు. గిన్నెలో ముప్పాతిక గ్లాసు పాలు, పావు గ్లాసు నీళ్లు పెట్టి కాగనివ్వండి. పొంగు వచ్చాక దంచిన అల్లం వెయ్యండి, ముందే వేస్తే విరిగే ప్రమాదం ఉంది, పచ్చి అల్లంలో పాలని విరిచే ఎంజైమ్ ఉంటుంది, పొంగే వేడికి దాని ఆట కట్టు. రెండు మూడు పొంగులు రానిచ్చి మంట తగ్గించండి. ఈ లోపల కప్పులో అర స్పూను పొడి వేసి, ఒక్క స్పూను వేడినీళ్లు పోసి స్పూను వెనక భాగంతో నలపండి. ఇది తప్పనిసరి, నేరుగా పాలలో జల్లితే పొడి పైకి తేలి ఉండలు కడుతుంది, ఉండ బయట జిగటగా లోపల పొడిగా ఉంటుంది, ఎంత తిప్పినా కరగదు, చివరి గుక్కలో నాలికకి తగులుతుంది. నలిపితే ముదురు తేనె రంగులో నిగనిగలాడే చిక్కటి డికాషన్ ఒక స్పూనంత తయారవుతుంది. దాని మీద మరిగే పాలు ఎత్తు నుంచి పొయ్యండి. ఇలా చేసి నా అత్తగారికి ఇచ్చాను, ఏమీ అనకుండా తాగేశారు, అంతకంటే సర్టిఫికెట్ నాకు అక్కర్లేదు. వడకట్టక్కర్లేదు, సింకులో పిప్పి ఉండదు, నాకు కావాల్సినంత స్ట్రాంగ్, మా ఆయనకి కావాల్సినంత లైట్ ఒకే గిన్నె పాలతో అయిపోతాయి. ఇంటికి పదిమంది వచ్చినప్పుడు ఈ సుఖం ఏంటో తెలుస్తుంది.

బెల్లం టీకి కూడా ఇది బాగా కుదురుతుంది. బెల్లం వేసి పాలు మరిగిస్తే విరిగిపోతాయని అందరికీ భయమే కదా, అందుకే బెల్లం టీ ప్రీమిక్సులు అంత అమ్ముడవుతున్నాయి. కప్పులోనే బెల్లం పొడీ టీ పొడీ నలిపి పెట్టుకుని, పొయ్యి ఆపేసి ఒక నిమిషం ఆగి పాలు పోస్తే ఏ గొడవా ఉండదు.

పొయ్యే లేని చోటికి వద్దాం, అంటే మా పిన్ని కొడుకు గది, ట్రే ఇచ్చే రైళ్లు, లాడ్జీలు, ఆస్పత్రిలో రోగి పక్కన కూర్చునే రాత్రుళ్లు. ఇక్కడ టీ బ్యాగా, ప్రీమిక్సా అన్న ప్రశ్న వస్తుంది. బ్యాగులో ఉండేది కూడా సన్న పొడే, రెండు గ్రాములంత, కాబట్టి బలానికి లోటేమీ లేదు. దానికి కావాల్సింది బాగా మసిలే నీళ్లూ నాలుగు నిమిషాల టైమూ. రైల్లో ఫ్లాస్కులోంచి వచ్చే నీళ్లు అప్పటికే కాస్త చల్లారి ఉంటాయి, మనవాళ్లేమో పాలపొడి, పంచదార, బ్యాగు అన్నీ ఒకేసారి పడేసి దారం పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తారు, లేత బిస్కెట్ రంగు నీళ్లు వస్తాయి. ముందు బ్యాగు ఒక్కటే సగం కప్పు నీళ్లలో వదిలేసి, కప్పు మీద ఏదైనా మూత పెట్టి, ఫోన్ చూసుకుని, నల్లగా అయ్యాక పాలపొడి కలపండి. పాలు కలిశాక బ్యాగులోంచి సారం సరిగ్గా దిగదు. ఇంత ఓపిక లేకపోతే ప్రీమిక్సే నయం, అది గోరువెచ్చని నీళ్లలో కూడా కరుగుతుంది, కరిగినంత వరకూ అది పని చేసినట్టే. ప్రయాణంలో నేను తాగేది అదే, టీ అనుకోకుండా వేడి తీపి పానీయం అనుకుని తాగితే ఏ బాధా లేదు.

మా పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, రాజంపేట నుంచి కువైట్ వెళ్లి అక్కడే ఉంటున్నాడు. గదిలో ఆరుగురు, ఒక కెటిల్. వాళ్లు ప్రీమిక్సులు ముట్టుకోరు. రెండు టీ బ్యాగులు కప్పులో చిక్కగా దించి, రెయిన్‌బో డబ్బా పాలు పోస్తారు, గల్ఫ్ అంతటా కరక్ చాయ్ అనే చిక్కటి పాల టీకి వాడేది అవే. "పాలపొడి కంటే ఇదే మనింటి టీకి దగ్గరగా ఉంటది రా" అంటాడు. ఉండాలి మరి, డబ్బా పాలంటే కాచి నీరు తగ్గించి చిక్కబరిచిన పాలే, ఆ కాగిన వాసన డబ్బాలోనే ఉంది. మా పిన్నికి చివరికి నేను చెప్పిందీ ఇదే: వట్టి టీ పొడి ఒక సీసా, పంచదార లేని చిక్కటి డబ్బా పాలు దొరికితే అవి, దొరక్కపోతే చిన్న టెట్రా ప్యాకెట్ పాలు. పాలు ఏవైనా తెరిచాక ఆ పూటే అవ్వగొట్టెయ్యాలి, హాస్టల్లో ఫ్రిజ్ ఉండదు కాబట్టి. కెటిల్లో పాలు కాచొద్దని కూడా చెప్పాను, అడుగంటి కెటిల్ పోతుంది, వాడు ఎలాగూ కాచి తీరతాడు.

మాచా సంగతి వేరే. ఇందాకటి పొడి సారం, ఇది ఆకు. చారు తేట వంచుకోవడానికీ పప్పంతా కలుపుకుని తినడానికీ ఎంత తేడానో అంత తేడా. కోతకి మూడు వారాల ముందు నుంచి తోటల మీద పందిరి కప్పి ఎండ తగలకుండా చేస్తారు, ఆకు ముదురు ఆకుపచ్చగా మారి వగరు తగ్గుతుంది, కోసి ఆవిరి పట్టి ఆరబెట్టి, ఈనెలు తీసేసి, రాతి తిరగలిలో విసురుతారు. ఒక తిరగలి గంటకి విసిరేది 40 గ్రాములంత, అందుకే ఆ ధర. ఇది కరగదు, నీళ్లలో తేలుతూ ఉంటుంది, వెదురు బ్రష్‌తో గిలక్కొట్టి వెంటనే తాగాలి, పది నిమిషాలు వదిలేస్తే అడుగున బురదలా కూర్చుంటుంది. నీళ్లు కూడా మసలకూడదు, 80 డిగ్రీల లోపే. పాలలో వేసి మరిగిస్తే పచ్చి గడ్డి వాసన వస్తుంది.

పొడి టీ అంటే ఈ కాలపు బద్ధకం అనుకునేవాళ్లకి మాత్రం మాచా చరిత్ర చెప్పాలి. సోంగ్ రాజుల కాలంలో చైనాలో టీ అంటే పొడి చేసి గిన్నెలో గిలక్కొట్టి తాగేదే. ఎయిసాయి అనే బౌద్ధ భిక్షువు 1191లో అక్కడి నుంచి జపాన్ తిరిగొస్తూ టీ గింజలతో పాటు ఆ పద్ధతి కూడా తెచ్చాడు. తర్వాత చైనాలో మింగ్ వంశపు మొదటి చక్రవర్తి 1391లో అచ్చుల్లో ఒత్తిన టీ బిళ్లలు కప్పంగా పంపొద్దు, విడి ఆకు పంపండి అని ఆజ్ఞ వేశాడు, అక్కడ ఆకు నానబెట్టి తాగే పద్ధతి నిలబడింది, పొడి జపాన్లో మిగిలిపోయింది. పొడికి బదులుగా ఆకు వచ్చిందన్నమాట. అదే జపాన్లో ప్లేట్లు బెల్టు మీద తిరిగే సుషీ హోటళ్లకి వెళ్తే, టేబుల్ మీద చిన్న డబ్బాలో గ్రీన్ టీ పొడీ, పక్కనే వేడినీళ్ల కుళాయీ ఉంటాయి, ఎవరికి వాళ్లు కలుపుకుంటారు. అది మాచా కాదు, మామూలు గ్రీన్ టీ పొడి, వాళ్లకి అందులో నామోషీ ఏమీ లేదు. మాచాకి ఇప్పుడు ప్రపంచమంతా ఎగబడుతోంది, 2024 చివర్లో ఇప్పోడో, మారుక్యూ కోయామాయెన్ లాంటి పేరున్న జపాన్ కంపెనీలే ఇన్ని డబ్బాలకి మించి అమ్మం అని పరిమితి పెట్టాయి. అలాంటప్పుడు మన దగ్గర చవగ్గా దొరికే పసుప్పచ్చటి "మాచా" ఏమిటో మీరే ఆలోచించుకోండి. జూబ్లీ హిల్స్ కాఫీ షాపుల్లో పాలూ సిరప్పూ ఐసూ వేసి ఇచ్చే దాంట్లో అది ఏ రకమైనా తెలియదు కూడా.

నన్నడిగితే ఇన్‌స్టంట్ పొడి నిజంగా వెలిగేది వేసవిలో. పాల గొడవే లేని టీ అది. విజయవాడ ఎండల్లో మధ్యాహ్నం పొయ్యి దగ్గర నిలబడి డికాషన్ కాచి, చల్లార్చి, అది మసకబారితే మొహం ముడుచుకునే బదులు, చన్నీళ్లలో కరిగే పొడి అర స్పూను, నిమ్మకాయ అర చెక్క, చిటికెడు ఉప్పు, కావాల్సినంత పంచదార, కుండ నీళ్లు. నిమ్మరసం పడగానే రంగు ముదురు ఎరుపు నుంచి లేత బంగారు రంగులోకి మారుతుంది, పిల్లలకి అదో తమాషా. లెమన్ టీ ప్రీమిక్స్ అని అమ్మేదాంట్లో నిమ్మకాయ బదులు సిట్రిక్ యాసిడ్, మళ్లీ పంచదారే ముందు. పొడి సీసాలో తడి స్పూను పెట్టకండి. గాల్లో చెమ్మని ఇది ఎంత పీలుస్తుందంటే, మా కాకినాడలో వానాకాలం మూత సరిగ్గా పెట్టని సీసా పొద్దుటికల్లా తారుముద్ద అయిపోతుంది, చాకుతో గీక్కోవాల్సిందే. చిన్న సీసా కొనండి, త్వరగా అవగొట్టండి.

చల్లటి టీ జగ్గుల కొద్దీ తాగేస్తాం కాబట్టి ఒక్క జాగ్రత్త చెప్పాలి. టీ మొక్క నేలలోంచి ఫ్లోరైడ్ లాగి ఆకుల్లో దాచుకుంటుంది, ముదురాకులో ఎక్కువ. అది ఒంట్లో మితిమీరితే ఎముకలు దెబ్బతింటాయి. చవక ఇన్‌స్టంట్ పొడులకి తరచూ ముదురాకే వాడతారు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ డాక్టర్లు 2005లో ఒకావిడ కేసు ప్రచురించారు, ఆవిడకి ఎముకల నొప్పులు, కారణం వెతికితే ఆవిడ రోజూ 4 నుంచి 7న్నర లీటర్ల ఇన్‌స్టంట్ టీ, అదీ రెట్టింపు చిక్కగా తాగుతోంది. వాళ్లు కొట్లలో దొరికే కొన్ని పొడుల్ని ఫ్లోరైడ్ లేని నీళ్లలో కలిపి పరీక్షిస్తే లీటరుకి 1 నుంచి 6.5 మిల్లీగ్రాముల దాకా వచ్చింది. తాగే నీళ్లలో 1.5 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకి రెండు కప్పుల పాల టీకి దీంతో భయమేం లేదు, మామూలు టీ పొడిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది, మనం పెట్టుకునేది చిన్న గ్లాసు. కానీ మనలో కొందరి లెక్క వేరు. ప్రకాశం జిల్లా ప్రాంతంలో ఫ్లోరోసిస్‌ని, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బుని, 1937లోనే గుర్తించారు, నల్గొండ పేరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతే ఒకటుంది, పటికా సున్నమూ కలిపి తేర్చేది. మా అత్తగారి ఊళ్లో ఆవిడ ఈడువాళ్లలో నడుం వంగనివాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కృష్ణా నీళ్లు వచ్చాక పరిస్థితి మారింది, అయినా పొలం దగ్గర బోరు నీళ్లు తాగేవాళ్లు ఇంకా ఉన్నారు. అలాంటి చోట బోరు నీళ్లలో జగ్గుల కొద్దీ ఈ పొడి కలుపుకోవద్దు, కుళాయి నీళ్లో ఆర్వో నీళ్లో వాడండి. కాచి చల్లార్చితే సరిపోతుందనుకుంటారు కొందరు, కాస్తే ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, నీళ్లు ఇగిరి ఇంకాస్త చిక్కబడుతుంది.